మీలూదా ఇంట్లో తొమ్మిది రోజులు

ఆ పిల్లని మొదట చూసింది మీలూదా కాదు, నేను.

మార్చి నెల. సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో పొద్దుటి పని ముగించుకుని బయటికొచ్చేసరికి గేటు పక్కన గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పదహారేళ్లు ఉంటాయేమో. పాదాలదాకా వేలాడే నల్ల జెల్లాబా అంగీ, తలకి బిగించి చుట్టిన స్కార్ఫు, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే ప్లాస్టిక్ చెప్పులు. ఇంటి చెప్పులతో ఊరు దాటి వచ్చిన ఆడపిల్ల అంటే ఏమిటో మా సీదీ అమ్మార్‌లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను చూపు తిప్పుకుని ముందుకి నడిచాను. నా వెనకాల వస్తున్న మీలూదా ఆగింది.

మీలూదాకి అప్పటికి యాభై రెండేళ్లు. పిల్లల్లేరు. పిల్లలు పుట్టలేదనే మొగుడు వదిలేశాడు. ఒకే నడవా చుట్టూ ఉన్న అద్దె గదుల్లో ఆవిడదీ నాదీ ఎదురెదురు. ముప్ఫై ఏళ్లుగా చేపల తలలు తీస్తూ వేళ్లన్నీ కోతలే. నోటికి మాత్రం ఎదురు లేదు. ఒకసారి మేస్త్రీ వచ్చి, "చెయ్యి నెమ్మదించింది, లల్లా మీలూదా" అని మర్యాదగానే అంటే, "చేపకేం తొందర లేదు నాయనా, అదెప్పుడో చచ్చిపోయింది" అంది. వరసలో ఉన్న నలభైమంది ఆడవాళ్లం పని ఆపి నవ్వాం. ఆ రోజు అందరికీ పావుగంట కూలి కోశారు. ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు.

"ఎవరి పిల్లవే?" అని అడిగింది మీలూదా.

పిల్ల కాళ్లు జెల్లాబా కిందకి లాక్కుంది.

"ఆకలేస్తోందా?"

"లేదు."

"అబద్ధమాడ్డం కూడా రాదు దీనికి" అంది నావైపు తిరిగి. "లే. లేచి నడు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. "అక్కా, మనకెందుకు చెప్పు? దారిలోనే కదా స్టేషను. అక్కడ అప్పజెప్పి పోదాం."

"అప్పజెపుతాలే. తిన్నాక."

ఆ మధ్యాహ్నం మీలూదా గదిలో ముగ్గురం రొట్టె, పప్పు తిన్నాం. పిల్ల గిన్నెలోంచి తలెత్తకుండా తింది. పేరు వియామ్. ఊరు సముద్రానికి దూరంగా లోపలి పక్క, బస్సులో రెండు గంటలు. తల్లి లేదు. తండ్రి బుష్తా, అన్న జిలాలీ. తిన్నాక మీలూదా, "ఇక్కడ మగాళ్లెవరూ లేరు, ఆ గుడ్డ తియ్యి, చెమట ఆరుతుంది" అంది. పిల్ల తియ్యలేదు. మీలూదాయే విప్పింది.

జుట్టు లేదు. ఉన్నచోట గుప్పెడు, లేనిచోట చర్మం కనబడుతోంది. చెవి పైన ఎండిపోయిన గాటు.

"ఎవరు చేశారు?"

"అన్నయ్య. గొర్రెల కత్తెరతో."

బళ్లో తోటి పిల్లలతో కలిసి తీసుకున్న ఫొటో ఒకటి ఆ పిల్ల ఫోన్లో అన్నకి దొరికింది. అందులో ఒక మగపిల్లాడు కూడా ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు. అంతే సంగతి. బడి మాన్పించాడు, జుట్టు కత్తిరించాడు, ఈసారి కత్తెర మెడ దగ్గరికొస్తుందని చెప్పాడు.

"మీ నాన్న ఏం చేస్తున్నాడు అప్పుడు?"

వియామ్ కాస్త ఆలోచించి, "పొయ్యి దగ్గర కూర్చున్నాడు" అంది.

మీలూదా లేచి, చేపల రెక్కలు కత్తిరించే చిన్న కత్తెర కడిగి తెచ్చింది. పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి మిగిలిన జుట్టంతా ఒక్క తీరుగా వచ్చేలా కత్తిరించింది. "ఇప్పుడు మా ఊరి సైన్యంలో చేరొచ్చు నువ్వు" అంది. పిల్ల నవ్వలేదు గానీ, అద్దం ఇవ్వమని చెయ్యి చాపింది.

రేపు అప్పజెపుతానంది మీలూదా. మర్నాడు అడిగితే మళ్లీ రేపు అంది. మూడో రోజు ఇంటి ఓనరమ్మ నడవాలోకి వచ్చి ఈ పిల్లెవరని అడిగితే, "మా చెల్లెలి కూతురు, ఫెజ్ నుంచి వచ్చింది, ఒంట్లో బాగాలేక జుట్టు తీయించారు" అని చెప్పింది. నేను అక్కడే బట్టలు పిండుతున్నాను. మీలూదాకి చెల్లెలే లేదని నాకు తెలుసు. తలొంచుకుని పిండుకుంటూ ఉండిపోయాను.

"అక్కా, ఎన్నాళ్లిలా?" అని ఆ సాయంత్రం అడిగాను.

"స్టేషన్‌లో ఇస్తే ఏం చేస్తారు? ఆ అన్నకే ఫోన్ చేస్తారు, వచ్చి తీసుకుపో అని. కాస్త జుట్టన్నా మొలవనీ."

"జుట్టు మొలవడానికి ఆర్నెల్లు పడుతుంది."

"నీకు లెక్కలు బాగా వచ్చు" అంది.

ఆ తొమ్మిది రోజుల్లో వియామ్ మొదటి రెండు రోజులూ నిద్రే పోయింది. తర్వాత గది కడిగింది, స్టవ్ మసి తోమింది, మీలూదా వేళ్ల కోతలకి ఆలివ్ నూనె రాసింది. మీలూదాకి చదువు లేదు. జీతం కాగితం మీద వేలిముద్రే. పిల్ల పాత నోటుబుక్కు సంపాదించి ఆవిడ పేరు ఎలా రాయాలో నేర్పింది. మీలూదా ఇరవై పేజీలు ఒకే పేరు రాసి, నా గుమ్మంలోకొచ్చి చూపించింది. "ఇదుగో, నేనే. ఎడమ పక్కకి కాస్త వంగాను, అంతే."

ఎనిమిదో రోజున ఆవిడకే ఏదో తోచింది. పిల్ల దగ్గర నంబరు అడిగి తీసుకుని, నడవాలో నిలబడి తండ్రికి ఫోన్ చేసింది. నేను గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తూ విన్నాను.

"బుష్తా అన్నా, నీ కూతురు క్షేమంగా ఉంది. నా దగ్గరే ఉంది. నా పేరు మీలూదా, సీదీ అమ్మార్‌లో చేపల ఫ్యాక్టరీ దగ్గర ఎవరినడిగినా చెప్తారు. నాకేం వద్దు. నీ కొడుకు మళ్లీ చెయ్యెత్తనని నీ ముందర మాటివ్వాలి. ఇచ్చాడని నువ్వు చెబితే నేనే స్వయంగా తీసుకొచ్చి దింపుతాను."

అవతల ఆయన, "అల్లా నీకు మేలు చేస్తాడు చెల్లెమ్మా" అన్నాడట.

మర్నాడు మధ్యాహ్నం రెండు పోలీసు జీపులు వచ్చాయి. మొదటి జీపు ముందు సీట్లో పిల్ల అన్న జిలాలీ కూర్చుని ఉన్నాడు.

పిల్లని ఒక జీపులో, మీలూదాని ఇంకొక జీపులో ఎక్కించారు. మీలూదా చేతులకి ఇంకా పిండి ఉంది. స్టేషన్‌లో అడిగినవాటికన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఎక్కడ కనబడింది, ఏం తింది, ఎన్నాళ్లుంది, ఓనరమ్మకి ఏమని చెప్పింది, జుట్టు ఎవరు కత్తిరించారు. ఆఫీసరు అన్నీ రాసి కాగితం ముందుకి తోశాడు. వేలిముద్రకి సిరా డబ్బా తీస్తుంటే మీలూదా, "వద్దు బాబూ, నాకు రాయడం వచ్చు" అంది. పేరు రాసింది. ఎడమకి వంగకుండా రాశానని నాతో తర్వాత చెప్పింది.

విచారణ అయ్యేదాకా ఆవిణ్ణి జైల్లోనే పెట్టారు. కోర్టు ఇచ్చిన లాయరు కుర్రవాడు, ఓపికైన మనిషి. నన్ను వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. మైనరు పిల్లని తండ్రి అధికారం నుంచి తప్పించి దాచినందుకు ఒకటి నుంచి ఐదేళ్లు శిక్ష. కొట్టారా, ఎత్తుకుపోయారా, డబ్బులడిగారా అన్నది లెక్కలోకి రాదు. తెలిసి దాచారా లేదా, అంతే.

"ఆవిడే కదా ఫోన్ చేసి చెప్పింది" అన్నాను.

"అదే వచ్చిన చిక్కు, లల్లా రఖియా. ఫోన్ చెయ్యకపోతే, పిల్లకి దిక్కులేదనుకుంది, వయసు తెలీదు అని వాదించేవాణ్ణి. తండ్రి ఉన్నాడని తెలుసు, నంబరు తెలుసు, అయినా వెంటనే అప్పగించలేదు, షరతులు పెట్టింది. ప్రాసిక్యూటరు అదే చదువుతాడు. పోనీ వాంగ్మూలంలో ఏముందో ఆవిడకి అర్థం కాలేదందామా అంటే, కింద ముత్యాల్లాంటి సంతకం. వేలిముద్ర వేసినా బావుండేది."

నన్ను కూడా స్టేషన్‌కి పిలిచారు. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. టీ ఇప్పించాడు. "తొమ్మిది రోజులు ఎదురు గదిలోనే ఉన్నావు. నీకూ తెలుసు. కాబట్టి నీ పేరు రెండు చోట్ల రాయొచ్చు. సాక్షుల్లో రాయమంటావా, ముద్దాయిల్లో రాయమంటావా?" నాకు ఇద్దరు కొడుకులు, మంచంలో ఉన్న అత్తగారు. సాక్షుల్లో రాయమన్నాను.

విచారణకి నాలుగు రోజుల ముందు బుష్తా మా ఇంటికొచ్చాడు. ఎండకి వాడిపోయిన, సన్నటి ముసలాయన. చేతిలో బెల్లం రంగు తేనె సీసా. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే గోడవైపు తిరిగి మాట్లాడాడు.

"చెల్లెమ్మా, నువ్వు జైలుకి పోతుంటావని చెప్పారు. ఆవిడకి నా మాట ఒకటి చేరవెయ్యాలి."

"చెప్పన్నా."

"పిల్ల తనంతట తనే వచ్చిందని ఆవిడ కోర్టులో అంటే, నా పిల్ల ఇల్లు వదిలి పారిపోయినదవుతుంది. మా ఊళ్లో దానికి ఇక మనిషి బతుకుండదు. జిలాలీ ఏం చేస్తాడో నాకే తెలీదు. మాయమాటలు చెప్పి ఎవరో తీసుకుపోయారంటే మాత్రం, పాపం చిన్నపిల్ల, మోసపోయిందంటారు. నాలుగు రోజులు అనుకుని ఊరుకుంటారు."

"అంటే ఆవిడ జైల్లోనే ఉండిపోవాలా?"

"నేను క్షమించానని కాగితం రాసిస్తాను. లాయరు చెప్పాడు, శిక్ష సగానికి తగ్గుతుందని. మిగతా సగానికి నేనేం చెయ్యగలను?" తేనె సీసా చెయ్యి మార్చుకుని, "ఆవిడ మంచిదని నాకు తెలుసు. ఫోన్లో గొంతు విన్నప్పుడే తెలిసింది. ఫోన్ పెట్టేసరికి వెనకాల వాడు నిలబడి ఉన్నాడు" అన్నాడు.

తేనె సీసా గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం బుట్టలో రొట్టెలు, వేయించిన చేపలు పెట్టుకుని జైలుకి పోయాను. బుష్తా మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. మీలూదా ముఖం ఎర్రబడింది.

"బాగుందే. వాళ్ల ఊరి మర్యాద నా నెత్తిన పెట్టుకుని నేను మోయాలా? కొడుకు చేతిలో కత్తెర చూస్తూ పొయ్యి దగ్గర కూర్చున్నవాడికి నేను సాయం చెయ్యాలా?"

"ఆయన చెప్పమన్నది చెప్పానక్కా."

"నువ్వెప్పుడూ చెప్పమన్నదే చెప్తావు." ఆ మాట నాకు గుచ్చుకుంది, ఆవిడకీ తెలిసింది. "చేపల్లో ఉప్పెక్కువైంది" అంది మెల్లగా. "నేను అన్నీ చెప్తాను. మొదటి రోజు నుంచీ, గొర్రెల కత్తెరతో సహా అన్నీ. ఆ అన్నని కూడా బోనెక్కించమంటాను."

నాకు సంతోషమే అయింది. నిజం చెబితే ఏదో ఒకటి కదులుతుందనుకున్నాను.

కోర్టులో ముందు నన్ను పిలిచారు. పిల్ల మైనరని ముద్దాయికి తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. అప్పజెప్పమని మీరు చెప్పారా అన్నారు. చెప్పానన్నాను. ఎన్నిసార్లు? నాలుగైదుసార్లు. ఆవిడ ఏమన్నది? రేపు అంది. పోలీసు స్టేషను ఎక్కడుందో ఆవిడకి తెలుసా? "రోజూ దాని ముందు నుంచే పనికి పోతాం" అన్నాను. జడ్జి ఏదో రాసుకున్నాడు. నేను దిగి వచ్చి కూర్చున్నాక, ఎందుకు రేపు అన్నదో నన్నెవరూ అడగలేదని గుర్తొచ్చింది. అడక్కపోయినా చెప్పి ఉండొచ్చు.

తర్వాత వియామ్‌ని తెచ్చారు. తండ్రి ఒక పక్క, జిలాలీ ఒక పక్క. ఆ పిల్ల సన్నబడింది. జడ్జి మెత్తగానే అడిగాడు.

"నువ్వు ఈవిడ ఇంటికి ఎలా వెళ్లావు?"

"ఆవిడే రమ్మంది. ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానంది."

"నీకు ఇంటికి పోవాలనిపించలేదా?"

"పోనివ్వలేదు."

"జుట్టెవరు కత్తిరించారు?"

పిల్ల స్కార్ఫు బిగించుకుని, "ఆవిడే" అంది. అది కూడా నిజమే కదా.

ఎవరూ గుర్తుపట్టకుండా వేషం మార్చిందని ప్రాసిక్యూటరు అన్నాడు. మా లాయరు లేచాడు. అంతకుముందు ఆ జుట్టు ఏ స్థితిలో ఉందో, చెవి పైన గాటు ఎవరిదో అడగబోతున్నాడు. ఆ ప్రశ్న ముందురోజే కాగితం మీద రాసిపెట్టుకున్నాడు. నేను మీలూదా వైపు చూశాను. ఆవిడ పిల్లని చూస్తోంది. పిల్ల చేతులు జెల్లాబా చేతుల్లోపల ఉన్నాయి. ఆ గుడ్డ మొత్తం వణుకుతోంది. వెనక బెంచీ మీద జిలాలీ కాలు మీద కాలేసుకుని, వేళ్లు ఒక్కొక్కటే విరుచుకుంటున్నాడు.

"కూర్చో బాబూ" అంది మీలూదా లాయరుతో.

"లల్లా, నన్ను అడగనివ్వండి..."

"కూర్చోమన్నానా."

జడ్జి ఆవిడ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పేది ఏమన్నా ఉందా?"

"పిల్ల చెప్పింది రాసుకోండి" అంది.

రెండేళ్లు పడేది, తండ్రి కాగితం వల్ల ఏడాదికి దిగింది. మీలూదాని తీసుకుపోతుంటే వియామ్ తల తిప్పలేదు. తిప్పనిచ్చే చోట లేదు ఆ పిల్ల.

ఆ తర్వాత వారానికోసారి జైలుకి పోతూ వచ్చాను. ఒక్కరోజు కూడా మీలూదా, చేసింది మంచిదనో చెడ్డదనో అనలేదు. ఒకసారి మాత్రం, "లోపల నలుగురం ఉన్నాం, ఇలా ఎవర్నో ఇంట్లో పెట్టుకుని వచ్చినవాళ్లం. ఒకామె సొంత మేనకోడల్నే పెట్టుకుందట. మాకంటే దొంగతనం చేసినవాళ్లకే మర్యాద ఎక్కువ. వాళ్లకి కనీసం ఏదో మిగిలింది" అని నవ్వింది. ఆవిడ గదిని ఓనరమ్మ వేరేవాళ్లకిచ్చింది. సామాను నేనే మూటకట్టి మా మంచం కిందకి తోశాను.

అక్టోబరులో, మిట్టమధ్యాహ్నం. కొడుకులు పనిలో ఉన్నారు. అత్తగారు నిద్రపోతోంది. ఎవరో ఎదురు గది తలుపు కొట్టారు. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లు ఊళ్లో లేరు. కాసేపటికి నా తలుపు చప్పుడైంది.

"ఎవరు?"

"నేను. వియామ్."

నేను తలుపు దగ్గరికి పోయాను. గడియ మీద చెయ్యి పెట్టాను కూడా. చెక్కకి అవతలి పక్క పిల్ల ఊపిరి వినబడుతోంది.

"మీలూదా పిన్నిని వదిలిపెట్టారా?"

నేను, "ఇక్కడెవరూ లేరు" అన్నాను.

ఇంట్లోంచి మనిషి గొంతు పలుకుతూ ఎవరూ లేరనడం ఎంత చిత్రమో అప్పుడు నాకు తట్టలేదు. ఆ పిల్లకి మాత్రం అర్థమైంది. ఇంక అడగలేదు. అక్కడే కాసేపు నిలబడింది. గ్లాసెడు మంచినీళ్లు ఇమ్మంటే ఏం చెయ్యాలా అని నేను ఆలోచిస్తున్నాను. నీళ్లివ్వడానికి తలుపు తియ్యాలి. తలుపు తీస్తే ఓనరమ్మ మేడ మీంచి చూస్తుంది. సాక్షుల్లోనా, ముద్దాయిల్లోనా అన్న ఆఫీసరు గొంతు చెవిలో మోగుతోంది. పిల్ల నీళ్లు అడగలేదు. అడుగుల చప్పుడు నడవా దాటి వీధిలోకి పోయింది.

ఎప్పటికోగానీ నేను గడియ మీంచి చెయ్యి తియ్యలేదు.

బస్టాండు దగ్గర వేయించిన శనగలు అమ్మే ఆవిడ, అలాంటి పిల్లని ఒకర్ని కాసాబ్లాంకా బస్సు దగ్గర చూశానంది. డ్రైవరుతో మాట్లాడుతోందట. ఇంకెవరో, కాదు, పక్క వీధిలో మూడిళ్ల తలుపులు కొట్టింది, ఎవరూ తియ్యలేదన్నారు. మీలూదా కేసు తెలియని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు.

వారం తర్వాత బుష్తా వచ్చాడు. ఈసారి చేతిలో ఏమీ లేదు.

"ఇటొచ్చిందా, చెల్లెమ్మా?"

"రాలేదన్నా."

"నిజం చెప్పు. నేను కేసు పెట్టను. జిలాలీకి చెప్పను. పోలీసులకీ చెప్పను."

"రాలేదు."

గుమ్మంలో మెట్టు మీద కూర్చున్నాడు. "వస్తే తీసేదానివా తలుపు?"

"లేదు" అన్నాను.

"అవును. ఎలా తీస్తావు" అన్నాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి వీధివైపు చూశాడు. "ఎవరో ఒకరు తీసి ఉంటే బావుండును" అన్నాడు లేస్తూ, నాతో కాదు.

మీలూదా మార్చి ఆఖరులో బయటికొచ్చింది. షుగరు వచ్చింది, ఎడమ కన్ను సరిగా కనబడటం లేదు. ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టుకోవాలంటే నేరం చెయ్యలేదని పోలీసు సర్టిఫికెట్ కావాలన్నారు. ముప్ఫై ఏళ్లు చేసినదాన్ని కొత్తదాన్నెలా అవుతానని మేస్త్రీని అడిగింది. ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు. గది కోసం తిరిగాం. పేరు వినగానే, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు. మా ఇంట్లో వారం రోజులుంది. ఎనిమిదో రోజు ఓనరమ్మ పిలిచి, జైలునుంచి వచ్చినవాళ్లని పెట్టుకుంటే నా ఇంటి పేరేం కావాలి అని నన్నడిగింది. మీలూదా గుమ్మంలోంచే విని మూట కట్టుకుంది. లోపలి పక్క యూసుఫియాలో దూరపు బంధువొకామె, తన ముసలి తల్లిని చూసుకుంటే తిండి పెడతానందట.

బస్టాండుకి నేనూ వెళ్లాను. కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, కాగితంలో చుట్టిన రొట్టె ఒళ్లో పెట్టాను. బస్సు ఇంకా నిండలేదు.

"ఆ పిల్ల సంగతేమన్నా తెలిసిందా?" అని అడిగింది. ఏడాదిలో ఆవిడ వియామ్ గురించి అడగడం అదే మొదటిసారి.

"లేదక్కా. ఏమీ తెలీలేదు."

"ఏమీ తెలీలేదంటే ఇంట్లోనే ఉందన్నమాట" అంది మీలూదా. "ఏదైనా అయితే ఈపాటికి మన చెవిన పడేది."

"అంతే కదా" అన్నాను.

ఆవిడ తలూపి, రొట్టెని రెండుగా విరిచి సగం నా చేతిలో పెట్టింది. కండక్టరు దిగమన్నాడు. దిగాను. బస్సు సందులోంచి వెనక్కి తిరిగి పెద్దరోడ్డెక్కేదాకా చెయ్యి ఊపాను. ఎడమ కన్ను నావైపే ఉంది. కనబడి ఉండదు.